ఊపిరితిత్తుల పరిశోధనలో యువ పురస్కారాలు: ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతోంది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లపై పరిశోధనకు ఓ యువ డాక్టరుకి అంతర్జాతీయ అవార్డు వచ్చిందని చదివి, తనూ ఆ దారిలోనే వెళ్తానంటోంది. ఏం చేయాలి? విదేశాలకు పంపాల్సిందేనా? - ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఇప్పుడే పంపక్కర్లేదండీ. క్షయ, న్యుమోనియా రోగులు ఎక్కువగా ఉన్నది మన దగ్గరే. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)తో పాటు ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది.

ముందు వయసు లెక్క చూసుకోండి. ఇంటర్న్‌షిప్‌ అయ్యేసరికి 23-24 ఏళ్లు. నీట్ పీజీకి ఓ ఏడాది, రెస్పిరేటరీ మెడిసిన్‌లో ఎండీకి మూడేళ్లు కలిపితే 28. క్షయ, ఊపిరితిత్తుల వ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ‘ది యూనియన్’ ఇచ్చే యువ పరిశోధకుల బహుమతికి 35 ఏళ్లలోపు చేసిన పనే లెక్క. మన విజ్ఞాన్ యువ శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారానికైతే 45 దాకా ఉంది. మొదటిదానికి ఎండీ తర్వాత మిగిలేది ఏడేళ్లే. అనుమతులు తెచ్చుకుని, రోగులను చేర్చుకుని, పేపరు అచ్చయ్యేసరికి ఒక్క అధ్యయనానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకే ఎండీ థీసిస్‌ని పరీక్ష కోసం రాసి పక్కన పడేసేదిగా చూడకూడదు.

అంతకన్నా ముందే చేయగలిగింది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఎస్‌టీఎస్, అంటే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. ఎంబీబీఎస్ విద్యార్థి కాలేజీలో ఒక గైడ్ దగ్గర రెండు నెలల్లో పూర్తిచేసే చిన్న పరిశోధన ఇది. చాలామంది ఇక్కడే తడబడతారు. రెండు నెలలకు పట్టని అంశం ఎంచుకుంటారు, లేదా రోగులపై పరిశోధన సబబేనా అని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందే వివరాలు సేకరించేస్తారు. అలా సేకరించినవి తర్వాత ఎందుకూ పనికిరావు.

అంశం ఎలా ఉండాలంటే, ‘క్షయ నిర్ధారణ ఎక్కడ ఆలస్యమవుతోంది?’ అన్నది తీసుకోండి. ప్రతి రోగికీ నాలుగు తేదీలు కావాలి: దగ్గు మొదలైన రోజు, మొదట ఆర్‌ఎంపీ దగ్గరికో డాక్టరు దగ్గరికో వెళ్లిన రోజు, కళ్లె పరీక్ష జరిగిన రోజు, మందులు మొదలైన రోజు. చివరి రెండూ రికార్డుల్లో దొరుకుతాయి. మొదటిది దొరకదు. ‘దగ్గు ఎన్నాళ్ల నుంచి?’ అంటే ‘చాన్నాళ్ల నుంచి’ అంటారు. ‘సంక్రాంతికి ఉందా? సింహాచలం చందనోత్సవం నాటికి ఉందా?’ అని అడిగితే తేదీ దగ్గరపడుతుంది. ఈ ఓపిక లేకపోతే ఎంత గొప్ప గణాంక పరీక్ష పెట్టినా ఫలితం నమ్మదగ్గది కాదు. పరీక్షకు కళ్లె బదులు ఉమ్మి ఇచ్చినవాళ్లను, అసలు ఇవ్వలేకపోయినవాళ్లను కూడా విడిగా లెక్కరాయాలి. వాళ్లను వదిలేస్తే ఆలస్యం నిజంగా ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు.

తర్వాత అదే ప్రశ్నను లోతుగా తవ్వుతూ పోవాలి. ఏడాదికో కొత్త అంశం పట్టుకున్నవాళ్ల పేపర్ల జాబితా పొడవుగా ఉంటుంది కానీ, ‘ఈమె ఏం కనిపెట్టింది?’ అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. అవార్డు కమిటీ అడిగేది సరిగ్గా అదే. పేపర్లలో మొదటి పేరు తనదై ఉండాలి. ఈ సంగతి పని మొదలుకాకముందే గైడ్‌తో మాట్లాడి కాగితం మీద పెట్టుకోవాలి. డబ్బు కడితే వారంలో వేసేసే జర్నళ్ల జోలికి వెళ్లొద్దు. రోగులపై మందునో చికిత్సనో పరీక్షించే క్లినికల్ ట్రయల్ అయితే, మొదటి రోగిని చేర్చకముందే అలాంటి ట్రయల్స్‌ని నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు తప్పనిసరి.

దరఖాస్తు నాటికి సిఫార్సు లేఖలు కావాలి. ‘కష్టపడే అమ్మాయి’ అని రాసే పెద్ద పేరుకన్నా, ఆ పనిలో తన వంతు ఏమిటో వాక్యం వాక్యంగా చెప్పగల గైడ్ లేఖకే విలువ. కాన్పు, అనారోగ్యం వల్ల విరామం వస్తే కొన్ని అవార్డుల్లో వయసు సడలింపు ఉంటుంది. నిబంధనలు చివరిదాకా చదివించండి.

విదేశాల సంగతి ఎండీ తర్వాత, తన దగ్గర సొంత ప్రశ్న ఉన్నప్పుడు ఆలోచించవచ్చు. ఇప్పటికి తండ్రిగా మీరు చూడాల్సింది ఒకటుంది: ఛాతీ వార్డుకి వెళ్లే ప్రతిసారీ ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు వేసుకోవాలి, తనకే రెండు వారాలు దాటి దగ్గుంటే వెంటనే పరీక్ష చేయించుకోవాలి.