ఫాషర్ కథ పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

కథ అందింది, చదివా. బాగుంది అని ఒక మెసేజ్ పెట్టి వదిలేద్దాం అనుకున్నా గానీ ఇది అలా వదిలేసే సబ్జెక్ట్ కాదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ముందు నాకు నచ్చనిది చెప్పేస్తా. సుడాన్‌లో దార్ఫుర్ ప్రాంతపు ఊరు ఎల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలో పడిపోయిన రోజు, 2025 అక్టోబర్ 26, అక్కడే మొదలెట్టావు. మొదటి పేజీలోనే వరసగా కూర్చోబెట్టిన మగవాళ్ళు, నవ్వుకుంటూ కాల్చేవాడు. ఆ సీన్ నీకు ఎక్కడ దొరికిందో నాకు తెలుసు, ఫోన్లలో తిరిగిన వీడియోలు నేనూ చూశా. మరి అవి తీసింది ఎవరో ఆలోచించావా? ఆర్‌ఎస్‌ఎఫ్ వాళ్ళే, అంటే సుడాన్ సైన్యంతో యుద్ధం చేస్తున్న పారామిలిటరీ దళం, తాము చంపుతున్నది తామే తీసుకుని గొప్పగా పెట్టుకున్నారు. నీ కథ కూడా సరిగ్గా వాళ్ళ పక్కనే నిలబడి చూస్తోంది. కాల్చేవాడి గడ్డం, మెడలో తాయెత్తు, వాడు నమిలేది కూడా రాశావు, కింద కూర్చున్నవాళ్ళకి మాత్రం ఒక్కడికీ మొహం లేదు. కావాలని చేయలేదని తెలుసు, కానీ అలాగే వచ్చింది.

ఇంకో కెమెరా పైన ఉంది. యేల్ యూనివర్సిటీ వాళ్ళు శాటిలైట్ ఫొటోలు చూసి మనుషులంత సైజులో కుప్పలు, నేల మీద ఎర్రటి మరకలు ఉన్నాయని చెప్పారు. ఊళ్ళో నెట్‌వర్క్ లేదు, బయటివాళ్ళని రానివ్వలేదు, కాబట్టి ప్రపంచం చూసిందంతా దాదాపు ఈ రెండు చోట్ల నుంచే. మధ్యలో, నేల మీద, ఇంట్లో తలుపేసుకుని కూర్చున్న మనిషి ఏం చూశాడో ఆ రెంటిలోనూ లేదు. నువ్వు రాయాల్సింది అక్కడ.

దానికి పద్దెనిమిది నెలలు వెనక్కి వెళ్ళాలి. ఆర్‌ఎస్‌ఎఫ్ ముట్టడి 2024 మేలో మొదలైంది, జూన్‌లో భద్రతా మండలి 2736 నంబరు తీర్మానం చేసి ముట్టడి ఆపమంది, ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత ఊరు ఏం తిందో తెలుసా? అంబాజ్. అంటే వేరుశనగ నూనె తీసేశాక మిగిలే చెక్క. నీది అనంతపురం, నీకు నేను చెప్పాలా, గానుగ దగ్గర ఆ వాసన, గేదెలకి నానబెట్టి పెట్టడం, చెక్క బూజు పడితే పశువుకైనా పెట్టడానికి ఆలోచించడం, ఇవన్నీ చూస్తూ పెరిగినవాడివి. దార్ఫుర్‌లో కూడా వేరుశనగ బాగా పండుతుంది. అక్కడి ఆడవాళ్ళు ఆ చెక్కనే నలిపి నీళ్ళలో ఉడికించి పిల్లలకి పెట్టారు, ఆఖర్లో అదీ కరువైంది. ఇది నీ కథలో ఒక్క లైను, "ఆకలితో అలమటించారు" అని. అలమటించారు అని రాయడానికి అనంతపురం వాడు ఎందుకు, ఎవరైనా రాస్తారు.

వీధుల్లో కుర్రాళ్ళు నడిపిన వంటశాలలు ఉన్నాయి చూడు, విదేశాల్లో ఉన్న సుడాన్ వాళ్ళు ఫోన్ యాప్‌లో డబ్బు వేస్తే దాంతో పెద్ద గిన్నెల్లో వండి పంచేవాళ్ళు. కొన్నాళ్ళకి ఖాతాలో డబ్బుంటుంది, మార్కెట్లో కొనడానికి గింజ ఉండదు. ఒక్క సీన్ దాని మీద రాయి, ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకుంటూ ఖాళీ గిన్నె ముందు నిలబడ్డ కుర్రాడు.

తర్వాత కట్ట. ఊరి చుట్టూ ఆర్‌ఎస్‌ఎఫ్ వాళ్ళు మట్టికట్ట పోయించారు, 2025 ఆగస్టు చివరికే 31 కిలోమీటర్లు దాటింది. లోపల రెండున్నర లక్షల మంది. కట్ట దాటాలంటే రాత్రిపూట దాటాలి, దొరికితే ప్రాణం పోవడమే. నువ్వు దీన్ని అసలు వాడుకోనేలేదు! ఊరు పడ్డాక జనం ఎందుకు పారిపోలేకపోయారు అని పాఠకుడు అడిగితే జవాబు ఆ కట్టే కదా.

సస్పెన్స్ పెట్టావు, అది తీసెయ్. ఏం జరగబోతోందో లోపల అందరికీ తెలుసు. 2023లో ఇదే ఆర్‌ఎస్‌ఎఫ్ దార్ఫుర్‌లోనే ఉన్న జెనీనా ఊళ్ళో మసాలీత్ తెగ జనాన్ని ఏం చేసిందో, ఐక్యరాజ్యసమితి నిపుణులు పది నుంచి పదిహేను వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు, అది విన్నవాళ్ళే వీళ్ళు. 2025 ఏప్రిల్‌లో పక్కనే ఉన్న జంజం నిర్వాసితుల క్యాంపు పడిపోతే అక్కణ్ణుంచి ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. తెలిసి ఎదురుచూడటమే ఇక్కడి భయం.

ఇక ఆస్పత్రి సీన్. ఫాషర్ ఊళ్ళోనే ఉన్న సౌదీ ప్రసూతి ఆస్పత్రిలో అక్టోబర్ 28న 460 మందికి పైగా పేషెంట్లని, వాళ్ళకి తోడుగా ఉన్నవాళ్ళని చంపేశారని సమాచారం వచ్చినట్టు డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. నీ కథలో ఆ సాయంత్రమే నర్సు "460 మందిని చంపేశారు" అంటుంది. ఎలా తెలుసు ఆమెకి? ఆ నంబరు బయటివాళ్ళది. ఆమెకి తన వార్డు తెలుసు, ఏ మంచం పక్కన ఎవరి అమ్మ చాప వేసుకుని పడుకుందో తెలుసు. మన గవర్నమెంటాస్పత్రిలో కూడా మంచానికొకరు తోడుంటారు కదా, అలా తోడుకొచ్చి పోయినవాళ్ళు వాళ్ళు. నంబరు తీసేసి ఆ చాప పెట్టు. ఇంకోటి, డాక్టరుకి వార్తల్లో ఉన్న నిజం మనిషి పేరే పెట్టినట్టున్నావు, మార్చెయ్, ఆయన కుటుంబం ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో.

తెగల గొడవ అని ఒక పేరా రాసి దులిపేసుకున్నావు. జఘావా, ఫుర్ జనాన్ని తెగ చూసి చంపిన మాట నిజమే, కానీ ఆర్‌ఎస్‌ఎఫ్ వెనక బంగారం గనుల డబ్బుంది, బయటి ఆయుధాలున్నాయి, యూఏఈ మీద ఆరోపణలున్నాయి, వాళ్ళు కాదంటున్నారు. సైన్యాన్ని హీరో చేయకు. 2025 మార్చిలో ఫాషర్‌కి ఉత్తరాన ఉన్న తోరా సంత మీద బాంబులేసింది సైన్యమే అన్నారు, అక్టోబర్‌లో ఊరు వదిలి వెనక్కి వెళ్ళిందీ సైన్యమే, జనం కట్ట లోపలే మిగిలారు. ఇదంతా కథలో పెట్టమనట్లేదు, నీకు తెలిసుండాలి అంతే.

చివర్లో హేగ్ కోర్టు, అదే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, సీన్ ఎందుకు? 2003-04లో దార్ఫుర్‌లో చేసిన నేరాలకి జంజవీద్ మిలీషియా నాయకుడు అలీ కుషైబ్‌ని ఆ కోర్టు దోషి అన్నది 2025 అక్టోబర్ 6న, ఫాషర్ పడటానికి సరిగ్గా ఇరవై రోజుల ముందు. ఆ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నీ ముగింపు నువ్వే కొట్టేస్తావు.

కథని జనం పారిపోయి చేరిన తవీలా ఊరి దాకా తీసుకెళ్ళు, ఫాషర్‌కి పడమరగా అరవై కిలోమీటర్లు. దారిలో మగవాళ్ళని విడదీశారు, కొందరిని పట్టుకుని డబ్బు పంపమని ఇంటివాళ్ళకి ఫోన్లు చేయించారు. అక్టోబర్ 27న అక్కడికి చేరిన ఐదేళ్ళలోపు పిల్లలు డెబ్బై మందిని ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ) డాక్టర్లు చూస్తే డెబ్బై మందీ తిండిలేక చిక్కినవాళ్ళే. డబ్బడిగే ఆ ఫోన్ కాల్‌తో మొదలెట్టి వెనక్కి, చెక్క దాకా వెళ్తే ఎలా ఉంటుందో ఒకసారి రాసి చూడు. నెల పట్టినా పర్లేదు, ఈసారి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైల్ పంపు, పక్కన రాయడానికి నాకు వీలుగా ఉంటుంది.