కొత్త మోటార్ కొనేముందు ఒకసారి గేజ్ చూడు

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. షవర్ తిప్పితే సన్నటి ధార తప్ప ఏమీ రావట్లేదని, షవర్‌కి నీళ్ల జోరు పెంచే పంపుని చూసినతను "ఈ అర హెచ్‌పీ పంపు చాలదు, ఒక హెచ్‌పీది పెట్టించండి" అన్నాడని రాశావు. అప్పుడే ఒప్పుకోకు. అదే పంపు, అవే పైపులు ఇన్నాళ్లూ బాగానే నీళ్లిచ్చాయి కదా! మధ్యలో ఏదో మారింది. అదేమిటో తెలుసుకోకుండా పెద్ద మోటార్ బిగిస్తే అడ్డం ఉన్నచోటే ఉంటుంది, జాయింట్ల మీద మాత్రం ఒత్తిడి పెరుగుతుంది. బాగున్న పంపులు ఇలా తీసి పక్కన పడేయడం చాలా ఇళ్లలో చూశాను. చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు షవర్ దగ్గర మొదలుపెట్టు. పది లీటర్ల బకెట్ కింద పెట్టి, ఎంతసేపటికి నిండుతుందో ఫోన్‌లో టైమ్ చూడు. నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్లన్నమాట, స్నానానికి హాయిగా సరిపోతుంది. రెండు నిమిషాలు పట్టిందంటే 5 లీటర్లే. తర్వాత షవర్ తల విప్పేసి, ఉత్త గొట్టం నుంచి మళ్లీ పట్టు. ఇప్పుడు గబగబా నిండిందా, దోషమంతా ఆ తలదే. రంధ్రాల్లో సున్నం పేరుకుని ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. మెడ దగ్గర చిన్న జాలీ ఉంటుంది, దాన్నీ కడుగు. కొన్నింటిలో నీళ్లు ఆదా కావడానికి చిన్న రంధ్రమున్న ప్లాస్టిక్ బిళ్ల కూడా పెడతారు. షవర్ తల ఈమధ్యే మార్చి ఉంటే ఆ బిళ్ల ఉందేమో చూడు.

చన్నీళ్లు బాగా వచ్చి వేణ్నీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే పంపు జోలికే వెళ్లక్కర్లేదు. గీజర్‌కి నీళ్లు వెళ్లేచోట ఉన్న వాల్వ్‌లోనో, వేడి, చల్లటి నీళ్లను కలిపే మిక్సర్ కుళాయి లోపలి కార్ట్రిడ్జ్ అనే భాగంలోనో సున్నం అడ్డుపడి ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించు. కొన్ని ఇళ్లలో పంపు చన్నీళ్ల లైనుకే కలిపి, గీజర్‌కి ట్యాంకు నుంచి నేరుగా వేరే పైపు ఇస్తారు. అప్పుడు మిక్సర్‌లో చన్నీళ్ల జోరు వేణ్నీళ్లను వెనక్కి నెట్టేస్తుంది. రెండు లైన్లూ పంపు తర్వాతే చీలాలి. అలా మార్చేముందు గీజర్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో దాని ప్లేట్ మీద చదివి, పంపు అంతకు మించి ఇవ్వదని రూఢి చేసుకో.

ఇళ్లలో పంపు పక్కన నీళ్ల ఒత్తిడిని ముల్లుతో చూపే ప్రెషర్ గేజ్ ఒకటి ఉంటే సగం తగువులు తీరిపోతాయని నా నమ్మకం. పంపు బయటి వైపు పైపుకి మూడు మూతుల 'టీ' జాయింటు వేయించి ఒకటి బిగించమను. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు దాదాపు 1 బార్ (ఒత్తిడి కొలత) ఒత్తిడినిస్తాయి. షవర్ కంటే ట్యాంకు రెండు మీటర్లే ఎత్తులో ఉంటే దక్కేది 0.2 బార్. పంపు పెట్టింది అందుకే. ఇప్పుడు షవర్ పూర్తిగా తిప్పి, పంపు నడుస్తుండగా గేజ్ చూడు. ముల్లు పైనే నిలబడి షవర్‌లో మాత్రం నీళ్లు సన్నగా వస్తుంటే, పంపు తన పని తాను చేస్తోంది. అడ్డం పంపుకీ షవర్‌కీ మధ్యలో ఉంది. సగం మూసిన వాల్వో, జాలీయో, తుప్పుతో పూడుకుపోయిన పాత ఇనుప పైపో చూసుకోవాలి. అలా కాకుండా ముల్లు బాగా కిందికి పడిపోతే పంపుకి నీళ్లు సరిగ్గా అందట్లేదు, లేదా పంపులోనే లోపముంది. ఇది తేలకుండా ఎవరు ఏ సామాను కొనమన్నా కొనకు.

ముల్లు పడిపోతే ముందు పంపుకి నీళ్లొచ్చే వైపు చూడు. చాలామంది చూడనిది ఆ వైపే. ట్యాంకు దగ్గరి వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందా? ట్యాంకు అడుగున బురద పేరుకుని మూతి దాకా వచ్చిందా? పంపు ముందున్న జాలీ ఎప్పుడు కడిగారు? ఆ పైపు పంపు మూతికన్నా సన్నగా ఉండకూడదు. కింద సంపు నుంచి లాగే పంపైతే గాలి సంగతి కూడా చూడాలి. పీల్చే వైపు జాయింట్ వదులైతే బయటికి నీళ్లు కారవు, లోపలికి గాలి పోతుంది. అందుకే కంటికి ఏమీ కనబడదు. షవర్ తుస్సుమంటూ ఆగి ఆగి వస్తుందా, పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడవుతుందా చూడు. గాజు గ్లాసులో నీళ్లు పట్టి చూడు, పాలలా తెల్లగా ఉండి అడుగు నుంచి పైకి తేటపడుతుంటే అవి గాలి బుడగలే. ఆ జాయింట్లు విప్పి, కొత్తగా టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. టేపు ముక్కలు లోపలికి వేలాడకుండా చూడమను, అవే తర్వాత పంపు లోపల తిరిగే చక్రంలో (ఇంపెల్లర్) చిక్కుకుంటాయి.

మీది పై అంతస్తు కాబట్టి ఇంకొకటి అడుగుతాను. షవర్ తిప్పగానే పంపు మొదలవుతోందా? కొన్ని పంపులు పైపులో కొద్దిగా నీళ్లు పారితేనే ఆన్ అవుతాయి. షవర్ దాదాపు ట్యాంకు ఎత్తులోనే ఉంటే ఆ కొద్దిపాటి పారుదల కూడా ఉండదు, పంపుకి కబురే అందదు. కింది అంతస్తులో కుళాయి తిప్పితే మాత్రం లేస్తుంది. మీ ఇంట్లో జరిగేది ఇదే అయితే హెచ్‌పీ పెంచినా లాభం లేదు. ఒత్తిడి తగ్గగానే ఆన్ అయ్యే ప్రెషర్ స్విచ్ రకం కావాలి.

పంపుతో పాటు గుండ్రటి ప్రెషర్ ట్యాంకు ఉండి, మోటార్ క్షణక్షణానికీ ఆగుతూ లేస్తూ ఉంటే ఆ ట్యాంకులో గాలి తగ్గిపోయి ఉంటుంది. కరెంటు తీసేసి, కుళాయి తెరిచి నీళ్లన్నీ వదిలాక, టైర్లకు వాడే గేజ్‌తో దానికి గాలి కొట్టే నిపుల్ దగ్గర చూడాలి. పంపు ఆన్ అయ్యే ఒత్తిడి 1.5 బార్ అయితే గాలి 1.3 ఉండాలి. నిపుల్ నొక్కితే నీళ్లొచ్చాయంటే లోపలి రబ్బరు తిత్తి చిరిగింది, అది మార్చాల్సిందే.

మోటార్ మూలుగుతూ తిరగకపోతే దాన్ని తిప్పడానికి సాయపడే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. దాన్ని నువ్వు ముట్టుకోకు తల్లీ, కరెంటు తీసేశాక కూడా అందులో షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌నే పిలువు. ఏ జాయింటు విప్పినా ముందు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించాలి. తిరిగి బిగించాక పంపులో నీళ్లు నింపకుండా స్విచ్ వేయొద్దు, ఉత్తగా తిరిగితే సీల్ కాలిపోతుంది. ఎవరైనా వీధి పైపుకే నేరుగా పంపు కలిపేద్దామంటే అస్సలు ఒప్పుకోకు. పంపు లాగే జోరుకి పైపు పగుళ్లలోంచి మురికినీళ్లు లోపలికి వస్తాయి. అవే తాగే నీళ్లలో కలుస్తాయి.

అన్నీ సరిగ్గా ఉండి, రెండు బాత్రూంలు ఒకేసారి వాడినప్పుడు మాత్రమే ఇబ్బందైతే అప్పుడు పెద్ద పంపు మాట ఆలోచిద్దాం. రెండు షవర్లకు నిమిషానికి 20 లీటర్లు కావాలి. పంపు డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసే, నీళ్లెక్కించగల గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ లీటర్లు రెండూ ఒకేసారి రావు. మీకు కావాల్సిన ఎత్తుకి ఎన్ని లీటర్లిస్తుందో లోపలి కాగితంలో పట్టికలో ఉంటుంది, అది చూసే ఎంచుకోవాలి.

ఈ వారంలో బకెట్ నిండే టైమ్, షవర్ మూసినప్పుడూ తెరిచినప్పుడూ గేజ్ ఎంత చూపిస్తోందో రాసి పంపు. పంపు చుట్టూ పైపుల ఫోటో కూడా తీసి పంపించు, చూసి చెబుతాను. అప్పటిదాకా ఏమీ కొనకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య