బుజ్జికి, మీ మావగారి ఎడమ చెయ్యి గురించి

బుజ్జీ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మీ మావగారికి కిడ్నీలు పాడయ్యి, రక్తపరీక్షలో క్రియాటినైన్ ఆరు దాటిందనీ, చేతికి ఫిస్టులా వేయించుకోమన్నారనీ, వచ్చే వారం అడ్మిట్ చెయ్యాలనీ చెప్పావు. అల్లుడికి ప్లాంటులో షిఫ్టులు, మీ అత్తగారికి మోకాళ్లు. దగ్గర ఉండాల్సింది నువ్వే. "ఆసుపత్రి అంటేనే టెన్షన్ పెద్దమ్మా, అక్కడ నేనేం చెయ్యాలో తెలీదు" అన్నావు. ఫోన్‌లో ఏదో ధైర్యం చెప్పి ఊరుకున్నాను కానీ, నీకు కావాల్సింది ధైర్యం కాదు, పని తెలియడం. మీ పెదనాన్నకి ఆరేళ్లు డయాలసిస్ చేయించాను. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు. ఆ ఆరేళ్లలో నేర్చుకున్నది రాస్తున్నాను. ఒకసారి చదివి పక్కన పడెయ్యకు, అడ్మిషన్ రోజు సంచిలో పెట్టుకో.

అన్నిటికంటే ముందు ఆయన చెయ్యి. ఫిస్టులా అంటే చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టడం. రక్తం వేగంగా పారి ఆ సిర లావెక్కితే, రేపు డయాలసిస్ సూదులు అందులో గుచ్చుతారు. అలా లావెక్కడానికి ఆరు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మామూలుగా పని తక్కువ చేసే చేతికి వేస్తారు, అంటే మీ మావగారికి ఎడమ చేతికి. ఏ చెయ్యో డాక్టరుని ఇవాళే అడుగు. అడిగిన క్షణం నుంచీ ఆ చేతికి సెలైన్ వద్దు, రక్తం తియ్యొద్దు, బీపీ పట్టీ చుట్టొద్దు. ఆపరేషన్ అయ్యాక కాదు, ఇప్పటి నుంచే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ పెదనాన్నకి ఆ చెయ్యి పోగొట్టింది నా మొహమాటం. ఓపీలో డాక్టరు "ఎడమ చేతికి సూదులు వద్దమ్మా" అని నోటితో చెప్పారు. పది రోజులకి జ్వరం వస్తే ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి రెండింటికి కుడి చేతికున్న సూది దగ్గర ఉబ్బింది. సిస్టర్ వచ్చి అది తీసేసి, ఎడమ చెయ్యి తిప్పి చూసి, మణికట్టు పైన గుచ్చింది. నేను మంచం పక్కన కింద చాప మీద ఉన్నాను. చూశాను. డాక్టరు మాట గుర్తొచ్చింది కూడా. వాళ్లకి తెలియకుండా ఉంటుందా అనుకుని నోరు మూసుకున్నాను. మూడో రోజుకి ఆ నరం తాడులా గట్టిపడింది. తర్వాత సర్జన్ బొటనవేలితో దాని పొడుగునా నొక్కి చూసి, "ఇది పనికిరాదమ్మా" అన్నారు. మోచేతి పైన ఇంకోచోట వేసి అది తయారయ్యేసరికి అయిదు నెలలు. అంతవరకూ మెడలో పైపుతోనే డయాలసిస్. ఆ పైపుకి ఇన్‌ఫెక్షన్ వచ్చి రెండుసార్లు వణుకుతో జ్వరం. స్నానానికి భయం, చొక్కా వేసుకోవడానికి భయం.

ఆ సిస్టర్ మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి ఆ హాలంతటికీ ఆమె ఒక్కతే, కేస్ షీటులో ఈ సంగతి లేదు. ఓపీ డాక్టరు మాకు చెప్పారు, మేం వార్డుకి చెప్పలేదు. ఆసుపత్రిలో ఎనిమిది గంటలకో, పన్నెండు గంటలకో మనుషులు మారిపోతారమ్మా. పొద్దున చెప్పింది విన్న డాక్టరు రాత్రికి ఉండడు. ఇరవైనాలుగు గంటలూ పేషెంటుతో ఉండేది నువ్వొక్కదానివే. ఒక డ్యూటీలో చెప్పిన మాటని ఇంకో డ్యూటీకి మోసుకెళ్లడమే అక్కడ నీ ఉద్యోగం అనుకో.

కాబట్టి అడ్మిషన్ రోజే రెండు పనులు చెయ్యి. "ఎడమ చెయ్యి – సూది వద్దు, బీపీ వద్దు" అని కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాయమని డ్యూటీ డాక్టరుని అడుగు. రాసేదాకా నిలబడు. తెల్ల ప్లాస్టరు ముక్క మీద అదే మాట రాసి ఆయన ఎడమ మణికట్టుకి వదులుగా అంటించు. ఎవరైనా ట్రే పట్టుకుని వస్తే "ఏ చేతికమ్మా? ఏం ఇంజెక్షన్?" అని నవ్వుతూనే అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

చెయ్యి సంగతి తర్వాత రెండోది నోటుపుస్తకం. మామూలు నలభై పేజీలది చాలు, కానీ పెన్నుకి దారం కట్టి పుస్తకానికి ముడెయ్యి, లేకపోతే వార్డులో పెన్ను పూటకొకటి పోతుంది. నేను రాసిన పేజీ ఒకటి ఇలా ఉండేది: "మంగళవారం. 6.10 బీపీ 170/100, సిస్టర్‌కి చెప్పాను. 7.00 రక్తం తీశారు, కుడి చెయ్యి. 9.40 పెద్ద డాక్టరు: పొటాషియం ఎక్కువ, పళ్లు వద్దు. పొద్దుట్నుంచి మూత్రం 300 ఎం.ఎల్. మధ్యాహ్నం బీపీ మాత్ర ఇవ్వలేదు, అడిగితే ఆపేశామన్నారు, ఎవరు ఆపారో అడగాలి." అంతే. కథలు రాయక్కర్లేదు. టైము, అంకె, చెప్పినవాళ్లు. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి మంచం దగ్గర ఉండేది రెండు నిమిషాలు. ముందు రాత్రే మూడు ప్రశ్నలు రాసుకుని, ఆయన రాగానే పుస్తకం తెరిచి అడుగు. రాసుకుని అడిగేవాళ్లకి డాక్టర్లు నిలబడి సమాధానం చెప్పడం నేను చూశాను.

ఫిస్టులా చిన్న ఆపరేషనే. మామూలుగా చేతికే మత్తిస్తారు, మెలకువగానే ఉంటారు. మా ఆయనకి మోచేతి పైన ఫిస్టులా వేసిన రోజు రాత్రి డ్యూటీలో ఒక పెద్ద సిస్టర్ ఉంది. నా చెయ్యి పట్టుకుని కట్టు పైభాగాన మెల్లిగా ఆనించి, "తెలుస్తోందా?" అంది. మొదట ఏమీ తెలియలేదు. ఊపిరి బిగబట్టాను. అప్పుడు తెలిసింది, చర్మం కింద సన్నగా, ఆగకుండా అదురు. నేను బట్టలు కుట్టేదాన్ని కదా, మిషన్ తిరుగుతుంటే బల్ల మీద అరచెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా. "ఇది రోజూ పొద్దున్నా రాత్రీ చూడు. ఎప్పుడైనా ఆగితే తెల్లారేదాకా ఆగకు, ఆ గంటలోనే తీసుకురా" అంది. నువ్వూ ఇంటికెళ్లేలోపు ఆ అదురు నీ వేళ్లతో చూసి నేర్చుకో, ఆయనకీ నేర్పు. ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు, వాచీ పెట్టకూడదు, బరువులు ఎత్తకూడదు. కొబ్బరికాయల బస్తా మోసిన మనిషికి ఇది కష్టమే. డాక్టరు ఎప్పుడు చెబితే అప్పటి నుంచి రబ్బరు బంతి పిసకడం మొదలుపెట్టించు.

కొబ్బరి అంటే గుర్తొచ్చింది. మీ అత్తవారిది కవిటి వైపు కదా. చూడ్డానికి ఎవరొచ్చినా చేతిలో బొండాలుంటాయి. ప్రేమతోనే తెస్తారు. కానీ కిడ్నీ చెడినవాళ్లకి కొబ్బరినీళ్లలోని పొటాషియం బయటికి పోదు. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు కూడా. అరటిపళ్లు, బత్తాయి రసం కూడా అంతే. వద్దంటే చుట్టాలు నొచ్చుకుంటారు, అందుకని నువ్వు తగువు పెట్టుకోకుండా "డాక్టరుగారు ఒప్పుకోలేదు" అని చెప్పి వార్డు గుమ్మం దగ్గరే తీసుకో. కూరగాయ ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేసి వండు. నొప్పుల మాత్ర మటుకు మెడికల్ షాపులో అడిగి కొనివ్వకు, ఎవరు చెప్పినా సరే. మీ కవిటి ఉన్న ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేల్లేదు గానీ, నొప్పుల బిళ్లలు ఉన్న కిడ్నీని ఇంకా చెడగొడతాయన్నది తేలిన సంగతే.

ఏ ఆసుపత్రో ఇంకా తేల్చుకోలేదన్నావు. ఆపరేషన్ ఒక్క రోజుది, డయాలసిస్ ఏళ్ల తరబడి. అందుకని డయాలసిస్ ఎక్కడ చేయిస్తారో ముందు ఆలోచించుకోండి. వైజాగ్‌లో గాజువాక నుంచి జగదాంబ దాకా వారానికి మూడుసార్లు రానుపోను అంటే, డయాలసిస్ అయ్యాక నీరసంతో తల వాలిపోయే మనిషికి అది నరకం. ఇంటికి దగ్గరలో సెంటరు, ఆరోగ్యశ్రీ ఉన్నది వెతకండి. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. డయాలసిస్ అందులో ఉంది. బియ్యం కార్డు, ఆధార్ మూడేసి జిరాక్సులు పెట్టుకుని, అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఆ పథకం డెస్కు దగ్గర కూర్చునేవాళ్లతో మాట్లాడు. డబ్బులు కట్టేశాక వెళ్తే ఉపయోగం ఉండదు. పథకం కింద చేర్చుకుని మళ్లీ డబ్బు అడిగితే 104కి ఫోన్ చెయ్యి. డయాలసిస్ మొదలయ్యాక నెలకు 10,000 పింఛను వస్తుంది, దానికి ఆసుపత్రి కాగితాలు కావాలి. ఒక్కటీ పారెయ్యకు.

కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ పెద్దాసుపత్రి అంటే అల్లుడు వెనకాడుతున్నాడని విన్నాను. రద్దీ నిజమే. 1923లో మొదలైన ఆసుపత్రి, శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా నుంచి అందరూ దానికే వస్తారు. మంచం దొరకడానికి, స్ట్రెచర్ దొరకడానికి ఓపిక ఉండాలి. కానీ పక్కనే మెడికల్ కాలేజీ, అర్ధరాత్రి పిలిచినా అక్కడ పై చదువు చదివే పీజీ డాక్టరు ఉంటాడు. మా ఆయన మొదటి ఆరు నెలలు అక్కడే. వెళ్తే ఒకటి తెలుసుకో, అది కొండ వాలు మీద ఉంది. ఆటోవాళ్లు "అప్పా, డౌనా" అని అడుగుతారు. తప్పు గేటు దగ్గర దిగితే ఆయన్ని ఎత్తు ఎక్కించాలి. వార్డుల్ని కూడా పేర్లతోనే పిలుస్తారు, రాజేంద్రప్రసాద్ వార్డు, భావనగర్ వార్డు అని. చీటీ మీద ఏం రాశారో సరిగా చదివించుకుని బయల్దేరు.

ఇంకొకటి హెపటైటిస్ బి టీకా. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి తప్పనిసరి, నాలుగు డోసులు, అన్నీ పూర్తవడానికి ఆరు నెలలు. మాకు ఆలస్యంగా చెప్పారు. నువ్వు ఇప్పుడే అడుగు.

ఇక మీ మావగారితో ఎలా ఉండాలో చెబుతాను. ఆయన వింటుండగా డాక్టరుని "ఎన్నాళ్లుంటారు" అని అడగొద్దు. మా మరిది అడిగాడు ఒకసారి, హిందీలో, అర్థం కాదనుకుని. మా ఆయన షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి, హిందీ రాదా? గోడ వైపు తిరిగి పడుకుని ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఏ పరీక్షకి తీసుకెళ్తున్నా ముందు ఆయనకి చెప్పు. సంతకం ఆయనే పెట్టగలిగితే ఆయన చేతే పెట్టించు. కోడలి ముందు మూత్రం డబ్బా అడగడానికి ఆ వయసు మగవాళ్లు సిగ్గుపడి బిగబట్టుకుంటారు. అల్లుడు షిఫ్టు అయ్యాక రెండు గంటలైనా వచ్చి కూర్చోవాలి, ఈ మాట నేను చెప్పానని చెప్పు. ఊరెళ్లిపోతానని ఆయన గొడవ చేస్తే కొట్టిపారెయ్యొద్దు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. చెయ్యి తయారయ్యాక డయాలసిస్ అక్కడికి మార్చుకునే వీలుందేమో డాక్టరుని అడగండి. సొంత ఇంటి అరుగు మీద కూర్చోవచ్చన్న ఆశ ఉంటే మనిషి సూదికి చెయ్యి చాపుతాడు.

ఎవరిదైనా తప్పు కనిపిస్తే అరవకు. ముందు హెడ్ సిస్టర్, అక్కడ పని కాకపోతే ఆర్‌ఎంఓ, అంటే రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు, ఆ పైన సూపరింటెండెంటు. టైము, తేదీ నీ పుస్తకంలో ఉంటాయి కాబట్టి నీ మాటకి బలం ఉంటుంది. డిశ్చార్జ్ రోజు హడావుడిలో కాగితం మడిచి సంచిలో పెట్టుకోకుండా, ఏ మాత్ర ఎప్పుడో సిస్టర్ చేత చదివించుకో. కేస్ షీటు కాపీ కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలన్నది నియమం. మేం అడగలేదు, తర్వాత ఇంకో డాక్టరు దగ్గర చాలా ఇబ్బంది పడ్డాం.

నువ్వు మధ్యాహ్నం అన్నం మానకు. మంచం కింద చాప, దోమలకి ఓడోమాస్, ఫోన్ చార్జరు, మెళ్లో గొలుసు ఇంట్లోనే. రాత్రి బాత్రూముకి వెళ్లేటప్పుడు పక్క మంచం వాళ్లకి చెప్పి వెళ్లు. వాళ్లకీ నువ్వు అలాగే కాపలా ఉండు.

పెదనాన్న నోటుపుస్తకాలు పదకొండూ కంచరపాలెం ఇంట్లో బీరువా కింది అరలో, నీలం సంచిలో ఉన్నాయి. తాళం పక్కింటివాళ్ల దగ్గర ఉంది. మొదటిది తీసి చూడు, అందులో ముందు పేజీలు ఖాళీగా ఉంటాయి, మొదట్లో నాకు రాసుకోవాలని తెలీదు కదా. నేను ఆదివారం రాజమండ్రిలో రత్నాచల్ రైలు ఎక్కుతాను. అడ్మిషన్ రోజు నీ పక్కన ఉంటాను. ఈలోపు ప్లాస్టరు, ఎర్ర పెన్ను కొని ఉంచు.

మీ పెద్దమ్మ