నిద్ర కోసం నీలి కలువ టీ వాడవచ్చా?

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నీలి కలువ టీ కొనాలనుకుంటున్నానని రాశారు. పాతబస్తీలో దొరికే నీలోఫర్ శర్బత్ కూడా అదేనా అని అడిగారు. పూర్తిగా అదే కాదండీ. వేసవికి శర్బత్ మంచిదే. నిద్ర కోసం ఆ ఖరీదైన పొట్లం మాత్రం కొనవద్దని నా సలహా.

పొట్లం మీద బొమ్మ ఈజిప్టు నీలి కలువది. 1922లో బయటపడిన టుటంఖామెన్ సమాధిలో, శవపేటిక మీది పూలహారంలో దాని రేకులు దొరికాయి. మన చెరువుల్లో పూసే నల్లకలువ దానికి దగ్గరి చుట్టం. తామర అసలు వేరే కుటుంబం. గట్టు మీద నిలబడి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది: తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా ఉండి నీటిపైకి లేస్తుంది, కలువాకు కాడ దాకా చీలి నీటి మీదే పరుచుకుంటుంది. ఎండబెట్టి పొట్లం కట్టాక ఏది ఏదో తేల్చడం అమ్మేవాళ్లకే కష్టం.

హైదరాబాద్‌లో నీలోఫర్ అనగానే రెడ్‌హిల్స్‌లోని పిల్లల ఆసుపత్రో, చాయో గుర్తొస్తుంది. చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి ఉన్న ఊరు కదా, పాతకాలం వాళ్లకు మాత్రం అది కలువపూల మందు పేరు. ఒంట్లో వేడి, దాహం, ఎండ వల్ల వచ్చే తలనొప్పి, గుండెదడ, పట్టని నిద్ర వంటి వాటికి యునానీలో ఇస్తారు. ఆయుర్వేదంలోనూ నీలోత్పలం, అంటే నల్లకలువ, చలవ చేసేదే. సుశ్రుతుడు ఉత్పలాది గణమని కలువలకు ఒక వర్గమే పెట్టి, మంటకూ దాహానికీ పిత్తానికీ చెప్పాడు.

మా అత్తగారికి ఎండాకాలం వచ్చిందంటే అరికాళ్లు మంటలు, అర్ధరాత్రి దాకా పక్క మీద దొర్లడమే. పాతబస్తీలో ఒక హకీం గారు గులే నీలోఫర్, అంటే ఎండు కలువపూలు, రాసిచ్చారు. బేగంబజార్ మూలికల దుకాణంలో తూచి ఇచ్చినవి చూస్తే నీలం జాడే లేదు. ముదురు గోధుమ రంగులో ముడుచుకుపోయిన మొగ్గలు, విప్పితే లోపల పసుపు తగ్గని కేసరాలు, ఎండుగడ్డి వాసన. గుప్పెడు పూలు రాత్రి నానబెట్టి, పొద్దున సన్నని సెగ మీద సగానికి మరిగించి, వడకట్టి, పటికబెల్లం వేసి పాకం పట్టేదాన్ని. చన్నీళ్లలో రెండు చెంచాలు కలిపి తాగితే చివర్లో కాస్త వగరు తగులుతుంది. మంటలు తగ్గాయని ఆవిడే చెప్పారు. నిద్ర సంగతికి వస్తే, సాయంత్రం నాలుగు దాటాక చాయ్ ముట్టకూడదని కూడా హకీం గారు షరతు పెట్టారు. అందువల్ల ఆ ఘనత పూర్తిగా పువ్వుకు కట్టబెట్టలేను. ఆవిడకు మాత్రం ఏ సందేహమూ లేదు, పువ్వే అంటారు!

ఇక ఇప్పటి వ్యాపారం. నీలి కలువ టీలో అపోమార్ఫిన్ ఉంది, అందుకే మనసు తేలికపడుతుందని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. అపోమార్ఫిన్ పార్కిన్సన్ రోగులకు చర్మం కిందకు ఇచ్చే మందు. మింగితే చాలా భాగాన్ని కాలేయమే నిర్వీర్యం చేస్తుంది. అలాంటప్పుడు కప్పు టీలో ఏ మేరకు పనిచేస్తుంది? న్యూసిఫెరిన్ అనే పదార్థం ఈ జాతి పూలలో కనబడిన మాట నిజమే. మెదడులోని డోపమైన్ గ్రాహకాలపై దాని ప్రభావాన్ని ప్రయోగశాలల్లో చూశారు. అంతమాత్రాన మనుషుల నిద్రకు పనికొస్తుందని తేలినట్టు కాదు. ఈ పూల నుంచి తీసిన గాఢ రసాల జోలికీ, పొగ రూపంలో పీల్చే ద్రవాల జోలికీ పోకండి. వాటిని వాడి మతి తప్పి అత్యవసర విభాగంలో చేరినవాళ్ల గురించి అమెరికా సైనిక వైద్యులు రాశారు. పీల్చే ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం కూడా.

డబ్బు ఆదా అని నగర చెరువుల్లో పూలు కోయవద్దు. మురుగు నీటిలోని భారలోహాలను నీటి మొక్కలు పీల్చుకుంటాయి. గుడిమల్కాపూర్ మార్కెట్లో దొరికే తామరలు పూజకే, తాగడానికి కాదు.

శర్బత్ కొంటే సీసా వెనక చక్కెర ఎంతో చదవండి. మధుమేహం ఉన్నవాళ్లు పూల కషాయం చక్కెర లేకుండా అడగడం మేలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు వాడకపోవడమే మంచిది. నిద్రమాత్రలో, మానసిక వైద్యుడు రాసిన మాత్రలో వేసుకుంటున్నవాళ్లు ముందుగా ఆ డాక్టరునే అడగాలి. మీరు రాసిన దాంట్లో గురక మాట కూడా ఉంది. గురకతో ఉలిక్కిపడి లేస్తుంటే, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంటే, అది శర్బత్‌తో పోయేది కాదు. చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించుకుని, నిద్రలో శ్వాస ఆగే జబ్బేమో పరీక్ష చేయించుకోండి.