యూరియా చల్లే ముందు వేరు తవ్వి చూడు

చిరంజీవి మేనల్లునికి,

మామయ్య ఆశీస్సులు. పాకాల చేనిలో విత్తిన వేరుశనగకు 22 రోజులు నిండాయని, పక్క చేను కంటే పొట్టిగా కనిపిస్తున్నందున ఎకరానికి అర బస్తా యూరియా చల్లవచ్చునా అని అడుగుతూ నీవు రాసిన ఉత్తరం అందింది. ఇప్పుడే చల్లవద్దు. ముందుగా చేనిలో నాలుగు చోట్ల మొక్కలను వేళ్ళతో సహా తవ్వి చూడు.

ఆకు తయారుచేసిన చక్కెర వేరుకు దిగాలి, వేరు తీసుకున్న నీరూ పోషకాలూ ఆకుకు ఎక్కాలి. నేలలో నత్రజని గాని భాస్వరం గాని తక్కువైతే, మొక్క పైపెరుగుదలను తగ్గించుకొని, ఉన్న తిండిలో ఎక్కువ వాటాను వేళ్ళకు పంపి వాటిని దూరంగా సాగనిస్తుంది. యూరియా చల్లి నత్రజని పుష్కలంగా అందిస్తే ఇది తిరగబడుతుంది. వేళ్ళలో తయారయ్యే సైటోకైనిన్ అనే హార్మోను ఆ కబురును పైకి మోసి కొమ్మలను, ఆకులను వేగంగా పెంచుతుంది, వేరుకు దక్కే వాటా తగ్గిపోతుంది. నీటి వసతి ఉన్న చోట దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు గాని, వాన మీదనే ఆధారపడిన మన ఎర్ర నేలల్లో వేరు వాటా తగ్గడమంటే బెట్టకు పైరును అప్పగించడమే.

ఈ మాట అనుభవించి రాస్తున్నాను. నేను సేద్యం మొదలుపెట్టిన కొత్తలో నీలాగే తొందరపడి, లేత పైరుకు యూరియా చల్లాను. పది రోజుల్లో చేను నల్లపచ్చగా కమ్ముకుంది, దారిన పోయేవారు ఆగి చూసేవారు. ఆ తరువాత మూడు వారాలు చినుకు పడలేదు. మధ్యాహ్నానికే నా చేను ఆకులు ముడుచుకొని వాలిపోతుంటే, పక్కన పొట్టిగా ఉన్న మా నాయన చేను సాయంత్రం దాకా నిలబడింది. రెండు చేలలోనూ ఒక్కొక్క మొక్కను తవ్వి బకెట్ నీళ్ళలో కడిగి చూశాను. ఆయన మొక్క తల్లివేరు నా మూరెడు దాటి ఉంది. నాది జానెడులోనే ఆగి, పిల్లవేర్లు పైమట్టిలోనే అల్లుకొని ఉన్నాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చే సూక్ష్మజీవులుండే వేరు బుడిపెలు కూడా నా మొక్కకు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. బయటి నుంచి నత్రజని ఎక్కువగా అందితే వేరుశనగ తన బుడిపెలను పెంచుకోదని నాకు అప్పటిదాకా తెలియదు.

భాస్వరం సంగతి వేరు. అది వేసిన చోటి నుంచి మట్టిలో దాదాపు కదలదు కనుక వేళ్ళే దాని దగ్గరకు చేరాలి. ఇంగ్లండులో 1970లలో బార్లీ వేళ్ళ మీద చేసిన ప్రయోగాలలో, వేరు పొడవులో కొంత భాగానికి మాత్రమే నత్రజని లేక భాస్వరం ఎక్కువగా అందిస్తే, పిల్లవేర్లు ఆ భాగంలోనే గుబురుగా పుట్టుకొచ్చాయి. పొటాష్‌కు మాత్రం అలా పుట్టలేదు. అందువల్లనే భాస్వరం ఎరువైన సూపర్ ఫాస్ఫేట్‌ను ఆఖరి దుక్కిలో వేళ్ళు చేరే లోతులో వేయమంటారు. ఎదిగిన పైరు మీద చల్లితే అది పైమట్టిలోనే ఉండిపోతుంది.

కొరత వస్తే వేరు పెరుగుతుందన్న మాటను పొటాష్‌కు, మెగ్నీషియంకు అన్వయించకు. ఆకులోని చక్కెర కిందికి దిగడానికి ఈ రెండూ కావాలి. ఇవి తక్కువైతే చక్కెర ఆకులోనే చిక్కుకుపోయి, వేరు పస్తుంటుంది. ముదురు ఆకుల అంచులు మాడుతూ, వేరు కూడా చిన్నగా ఉంటే ముందుగా పొటాష్‌ను అనుమానించు.

సున్నపు ధాతువు, అంటే కాల్షియం, నీటితో పాటు ఆకులకే ఎక్కుతుంది గాని ఆకుల నుంచి తిరిగి కిందికి దిగదు. మట్టిలో ఉన్న కాయ ఆవిరి వదలదు కనుక వేరు తెచ్చిన కాల్షియం దానికి సరిపోదు. తన చుట్టూ ఉన్న మట్టి నుంచి పొట్టు ద్వారా తానే తీసుకోవాలి. మదనపల్లె వైపు టమాట కాయ అడుగు నల్లబడటానికి కూడా కాల్షియం కాయదాకా చేరకపోవడమే కారణం. కాబట్టి పూత దశలో కాల్షియం ఇచ్చే జిప్సంను ఎకరానికి 200 కిలోలు మొక్కల మొదళ్ళ దగ్గర, ఊడలు (పూత తరువాత మట్టిలోకి దిగి కొసన కాయ కట్టే కాడలు) దిగే చోట పడేలా వేసి మట్టి ఎగదోయించు. ఇది తప్పితే పైరు ఎంత పచ్చగా ఉన్నా తాలు కాయలే మిగులుతాయి. 45 రోజులు దాటాక మట్టిని కదిలించవద్దు, ఊడలు తెగుతాయి.

మొక్కలను తవ్వేటప్పుడు పట్టుకొని లాగవద్దు. సన్న వేళ్ళన్నీ మట్టిలోనే తెగిపోతాయి. ముందురోజు సాయంత్రం నీళ్ళు పోసి, మొదలుకు జానెడు దూరంలో పారతో గుండ్రంగా తవ్వి, గడ్డతో పాటు ఎత్తి, నీళ్ళలో నానబెట్టి మట్టి వదిలించు. బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబి ఎరుపు కనిపించాలి. అలా ఉండి, తల్లివేరు సూటిగా దిగి ఉంటే, పైరు పొట్టిగా ఉన్నా దానిని అలాగే వదిలెయ్యి. బుడిపెలు తెల్లగానో బూడిదరంగులోనో ఉండి, కింది ఆకులు పసుపుబారుతుంటే నాకు ఫోన్ చెయ్యి. అప్పుడు ఎంత నత్రజని ఇవ్వాలో మాట్లాడుకుందాం. జిప్సం బస్తాలను మాత్రం ఈ వారంలోనే తెచ్చి ఇంట్లో పెట్టుకో, పూత మొదలు కావడానికి ఎన్నో రోజులు లేవు.

ఇట్లు,
మీ మామయ్య