ఫాస్ట్‌బూట్‌లో ఫోను కనిపించకపోతే

ఆండ్రాయిడ్ ఫోనును రూట్ చేద్దామని, అంటే దాని సిస్టమ్‌పై పూర్తి అధికారం తెచ్చుకుందామని, మీరు కంప్యూటర్‌కు కలిపారు. కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీలో ఫోను కనిపిస్తోంది, కానీ బూట్‌లోడర్‌లోకి (ఆండ్రాయిడ్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) వెళ్ళగానే, అక్కడ ఆదేశాలిచ్చే ఫాస్ట్‌బూట్ ‘వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్’ దగ్గర ఆగిపోతోంది అన్నారు. కంగారు పడకండి, ఫోనుకు ఏమీ కాలేదు. చాలా సందర్భాల్లో లోపం విండోస్ డ్రైవర్‌లోనే ఉంటుంది. బూట్‌లోడర్‌లో ఉన్న ఫోను కంప్యూటర్‌కు వేరే పరికరంలా కనిపిస్తుంది, దానికి డ్రైవర్ విడిగా చూపించాలి.

ముందుగా గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ దించుకోండి. ఫోనును బూట్‌లోడర్‌లోనే ఉంచి డివైస్ మేనేజర్ తెరిస్తే, పసుపు త్రికోణం గుర్తుతో ‘ఆండ్రాయిడ్’ అని ఉంటుంది. దానికి డ్రైవర్ అప్‌డేట్‌లో జాబితా నుంచి ‘ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్’ ఎంచుకోండి. ఇప్పుడు ‘ఫాస్ట్‌బూట్ డివైసెస్’ అని కొడితే సీరియల్ నంబరు రావాలి. రాకపోతే కేబులు, పోర్టు మార్చి చూడండి.

నంబరు కనిపించిందని వెంటనే బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేసేయకండి, దయచేసి! అన్‌లాక్‌తో ఫోనులోని ఫొటోలతో సహా అంతా చెరిగిపోతుంది. ముందు అన్నీ కంప్యూటర్‌లోకి తీసుకోండి. రూట్ చేయడానికి వాడే మ్యాజిస్క్ యాప్‌తో ప్యాచ్ చేసే (మార్చే) సిస్టమ్ ఇమేజ్ ఫైలు సరిగ్గా మీ ఫోను సాఫ్ట్‌వేర్ బిల్డ్ నంబరుదే కావాలి. ఆండ్రాయిడ్ 13తో విడుదలైన ఫోన్లలో సాధారణంగా అది ‘బూట్’ అనే ఇమేజ్ కాదు, ‘ఇనిట్ బూట్’ అనేది. ప్యాచ్ చేయని అసలు ఇమేజ్‌ను భద్రంగా దాచుకోండి. రూట్ తర్వాత ఫోను లోగో దగ్గరే ఆగిపోతే, ఆ అసలు ఇమేజ్‌ను మళ్ళీ ఫ్లాష్ చేసి (ఫోనులోకి ఎక్కించి) మామూలు స్థితికి తెచ్చుకోవచ్చు.