తలుపు తెరిచే ఉంది, అడుగే పడటం లేదు

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. 18 ఏళ్లకు పెళ్లయి ఈ ఇంటికి వచ్చాను. ఇంట్లో అంతా మామ మాటే. ఏ కూర వండాలో, తల్లిగారింటికి ఎప్పుడు పోవాలో, ఎన్ని రోజులుండాలో ఆయనే చెప్పేవారు. నోరు తెరిస్తే 'నిన్నెవరడిగిండ్రు?' అనేవారు. నేను తెచ్చుకున్న కుట్టుమిషన్‌ను కూడా అటక ఎక్కించారు. రెండేళ్ల కింద వేరు పడ్డాం. అత్తమామలు మరిది దగ్గరికి వెళ్లారు. నా భర్త హైదరాబాద్‌లో కారు నడుపుతారు, పదిహేను రోజులకోసారి వస్తారు. మంచివారే. 'ఇప్పుడు అడ్డం చెప్పేటోళ్లు లేరు, నీ ఇష్టం' అంటారు. కానీ నాకు ఏదీ చేయబుద్ధి కాదు. బ్యాంకుకు పోవాలంటే కాళ్లు వణుకుతాయి. ఏ కూర వండాలో కూడా ఆయనకు ఫోన్ చేసి అడుగుతాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మొన్న బతుకమ్మను కూడా వాకిట్లో నిలబడి చూశానంతే. థైరాయిడ్ పరీక్ష చేయించాం, బాగానే ఉంది. ఒక్కోసారి పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుంది. ఆడబిడ్డ 'నీది సోమరితనం' అంటుంది. నేను పుట్టుకతోనే ఇట్లా ఉన్నానా?

జవాబు: చెల్లె, నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. నువ్వు పుట్టుకతోనే ఇట్లా లేవు. పుట్టుకతో ఇట్లా ఉన్న పిల్లయితే 18 ఏళ్లకు కుట్టుమిషన్ వెంటబెట్టుకొని అత్తగారింటికి రాదు. ఆ మిషన్ తెచ్చుకున్నది నువ్వే.

ఇంకొక మాట ఉంది, అది ఆగదు. 'పొద్దున లేవకపోతే బాగుండు' అని ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. నేను దాటలేను. ఆ ఆలోచన వచ్చిన రాత్రి 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన సేవ. మూడింటికి చేసినా పలుకుతారు, డబ్బులు కట్టేది లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో పత్తికి తెచ్చిన పురుగుమందు డబ్బాలుంటే నీ భర్తతో తీయించు. తాళం వేసిన చోట పెట్టాలి, ఆ తాళంచెవి నీ దగ్గర ఉండొద్దు. ఈ రెండు పనులూ ఈ వారంలోనే కావాలి.

ఇక నీకు ఏం జరిగిందో చెప్తాను. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. దాని గురించి ఎప్పుడు చదివినా నాకు మనసు పిండినట్టే అవుతుంది. అయినా నీకు చెప్పక తప్పదు. కొన్ని కుక్కలకు కరెంటు షాక్ ఇచ్చారు. అవి తలతో ఒక పలకను నొక్కితే షాక్ ఆగిపోయేది. ఇంకొన్నింటికి సరిగ్గా అంతే షాక్, అంతే సేపు. కానీ అవి ఏం చేసినా ఆగేది కాదు, పక్క కుక్క ఆపినప్పుడే ఆగేది. తర్వాత అన్నింటినీ ఇంకో పెట్టెలో పెట్టారు. మధ్యలో ఉన్న చిన్న అడ్డాన్ని దూకితే చాలు, అవతల షాక్ లేదు. మొదటి రకం కుక్కలు దూకాయి. రెండో రకంలో ఎక్కువ భాగం కాసేపు అటూ ఇటూ తిరిగి, పడుకొని, మూలుగుతూ భరించాయి.

రెండు రకాలూ పడ్డ నొప్పి ఒక్కటే. తేడా అంతా 'నేను ఏదైనా చేస్తే ఆగుతుంది' అన్న అనుభవం ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. కష్టం ఎంత పెద్దదన్నది ఒక లెక్క అయితే, దాని మీద మన చెయ్యి పడుతుందా లేదా అన్నది ఇంకో లెక్క. రెండోదే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది. నీకు 16 ఏళ్లు చెయ్యి పడలేదు. కూర మీద కూడా పడలేదు.

మన పాలమూరులో మూడు బోర్లు వేయించి మూడూ ఎండిపోయిన రైతును చూసే ఉంటావు. నాలుగోసారి బోరు బండి పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకుంటాడు. అతన్ని ఎవరూ సోమరి అనరు, పాపం అంటారు. అదే ఒక కోడలికి వస్తే ఆ మాట ఎంత తొందరగా అనేస్తామో! నీ ఆడబిడ్డ మాటను నేను ఒప్పుకోను. నువ్వు కూడా ఒప్పుకోవద్దు.

దీన్ని పరిశోధకులు 'నేర్చుకున్న నిస్సహాయత' అన్నారు. అయితే దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ మాటను సవరించుకున్నారు. ఎలుకల మెదడు మీద జరిగిన పనిని బట్టి తేలిందేమిటంటే, దీర్ఘంగా సాగే కష్టంలో చతికిలబడటం ప్రాణికి సహజంగానే వస్తుంది, అది నేర్చుకునేది కాదు. 'నా చేతిలో ఉంది' అన్నదే నేర్చుకోవలసింది. అది తెలిసినప్పుడు నుదుటి వెనక ఉన్న మెదడు భాగం, కింద మెదడు కాండంలో మోగుతున్న ప్రమాద గంటను ఆపుతుంది. ఈ సవరణ నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఎందుకంటే నీలో చెడిపోయింది ఏదీ లేదు. నేర్చుకునే అవకాశం రాని పాఠం ఒకటి మిగిలిపోయింది.

నీ భర్త 'నీ ఇష్టం' అన్నా నీకు కాళ్లు ఎందుకు కదలవు? 1968లో సెలిగ్‌మన్, మేయర్ ఇంకొకరితో కలిసి ఆ పడుకున్న కుక్కలను లేపడానికి ప్రయత్నించారు. మధ్యలో అడ్డం తీసేసి అవతల నుంచి పిలిస్తే సరిపోలేదు. చివరికి మెడకు తాడు కట్టి అవతలికి లాగి నడిపించారు. ఒకటి రెండుసార్లతో అయ్యే పని కాలేదు, పదులసార్లు నడిపించాల్సి వచ్చింది. ఆ తర్వాతే వాటంతట అవి దూకడం మొదలుపెట్టాయి. నీ మామ వెళ్లిపోయాక అడ్డం పోయింది. నీ భర్త అవతల నుంచి ప్రేమగా పిలుస్తున్నాడు. నడిచిన అనుభవం మాత్రం నీకు ఇంకా దొరకలేదు. 16 ఏళ్లు 'నిన్నెవరడిగిండ్రు' విన్న చెవికి 'నీ ఇష్టం' అన్నది పరీక్షలా వినిపిస్తుంది. తప్పు చేస్తే ఏమవుతుందోనని టెన్షన్.

ఈ నిస్సహాయత, డిప్రెషన్ ఒక్కటే అని చెప్పను. ఇట్లాంటి ఇళ్లలో బతికినవాళ్లందరికీ డిప్రెషన్ రాదు. 1978లో సెలిగ్‌మన్, లిన్ అబ్రామ్‌సన్, జాన్ టీస్‌డేల్ కలిసి దీని గురించే రాశారు. చెడు జరిగినప్పుడు దానికి మనకు మనం చెప్పుకునే కారణం మీద చాలా ఆధారపడి ఉంటుందన్నారు. 'నా వల్లే', 'ఎప్పటికీ ఇంతే', 'అన్నింట్లో ఇంతే'. ఈ మూడూ కలిస్తే మనసు కుంగే ప్రమాదం ఎక్కువ. 'పుట్టుకతోనే ఇట్లా ఉన్నానా' అన్న నీ ఒక్క ప్రశ్నలో మూడూ ఉన్నాయి, చూడు.

పైగా నీకు నిద్ర తెగిపోతోంది, బతుకమ్మ మీద కూడా మనసు పోవడం లేదు, చావు ఆలోచన వస్తోంది. ఇవి రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లు. రక్తం తక్కువగా ఉందా, బి12 ఎంత ఉంది అన్నవి కూడా చూడమని అడుగు. అవి తగ్గినా నీరసం, దిగులు వస్తాయి. మందు రాస్తే భయపడకు. ఇవి పారాసిటమాల్‌లా పూటలో పనిచేసేవి కావు, గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. 'పది రోజులైంది, ఏం లాభం లేదు' అని మానేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. తగ్గాక కూడా డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపొద్దు.

మందు ఒక పక్క నడుస్తుండగా ఇంకో పక్క నీ చెయ్యి కదలాలి. ధైర్యం వచ్చాక చేద్దామని కూర్చోకు. ధైర్యం ముందు వస్తుందని నేను అనుకోవడం లేదు, పని తర్వాతే వస్తుంది. రేపు కూర సంగతి ఫోన్‌లో అడగకు. బీరకాయో, పప్పో, ఏదో ఒకటి వండు. తర్వాత ఆయనకు ఫోన్ చేసి 'ఇది వండిన' అని చెప్పు. అడగడానికి, చెప్పడానికి మధ్య ఉన్న తేడా ఏమిటో నీకే తెలుస్తుంది. మీ ఊళ్లో మహిళా సంఘంలో ఉండే ఉంటావు, సంతకం పెట్టమన్న చోట పెట్టి వస్తుంటావు. ఈ నెల మీటింగులో సంతకం పెట్టే ముందు 'ఇది ఎంతకు?' అని ఒక్క మాట అడుగు. జవాబు వస్తుంది. నువ్వు నోరు తెరిస్తే జవాబు వచ్చిందన్న సంగతి నీ ఒంటికి తెలియాలి. ఏ రోజైనా చేయలేకపోతే ఆ రోజును వదిలెయ్యి, లెక్క పెట్టుకోకు.

ఈ ఉత్తరం నీ భర్తకు చూపించు. ఆయనకు నాలుగు మాటలు. తమ్ముడూ, 'నీ ఇష్టం' అన్న మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. దాని బదులు రెండు దారులు చూపించి 'ఇదా, అదా?' అని అడగండి. ఆమె ఏది చెప్తే అదే జరగనివ్వండి, మీకు నచ్చకపోయినా సరే. ఈసారి వచ్చినప్పుడు బ్యాంకుకు తోడు వెళ్లండి. ఫారం ఆమెనే రాయనివ్వండి, కౌంటరు దగ్గర ఆమెనే మాట్లాడనివ్వండి, మీరు వెనక నిలబడండి. ఆలస్యమైతే కానివ్వండి. రెండోసారి బ్యాంకు గుమ్మం దాకా, మూడోసారి రోడ్డు దాకా తోడు వెళితే చాలు. పదిసార్లు పట్టొచ్చు. విసుక్కుంటే మీ నాన్నగారి గొంతే ఆమెకు వినబడుతుంది. ఆ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

చెల్లె, అటక మీది మిషన్ సంగతి. ఆయన వచ్చినప్పుడు దించమని చెప్పు. ఇన్నేళ్లు వాడలేదు కాబట్టి బెల్టు ఎండిపోయి ఉంటుంది, నూనె కూడా వెయ్యాలి. కల్వకుర్తిలో దుకాణానికి ఇద్దరూ వెళ్లండి, బెల్టు కొలత నువ్వే చెప్పు, బేరం నువ్వే చెయ్యి. ఎవరి జాకెట్టూ ఒప్పుకోకు ఇప్పుడే. పాత చీర ఒకటి చించి నీ మెత్తకు గలీబు కుట్టు. కుట్టు వంకర వచ్చినా విప్పకు.